కనబడు మరక, కనబడని శత్రువు

నెల్లూరు జిల్లాకు పడమటి దిక్కున వెలిగొండలు బారులు తీరి యున్నవి. ఆ కొండల చెంతనే చరిత్రప్రసిద్ధమైన ఉదయగిరి దుర్గము కలదు. అచ్చటినుండి ఆగ్నేయముగా పోయినచో, పెన్నానదికి దాపున, ఆత్మకూరు తగులును. సముద్రతీరపు వరిపొలములను చూచి వచ్చినవారికి ఈ సీమ వేరొక దేశమువలె తోచును. ఇది మెట్టప్రాంతము. ఎర్రనేలలు, రాతిగుట్టలు, వానకై ఎదురుచూచు చెరువులు ఇచ్చట కానవచ్చును. కాలువనీరు అందని పల్లెలలోని ప్రజలు తరతరములుగా బావినీటిని, పిమ్మట బోరుబావుల నీటిని త్రాగి జీవించుచు వచ్చిరి.

ఈ సీమలోని కొన్ని గ్రామములందు, ముఖ్యముగా ఉదయగిరి వైపున, పిల్లల దంతములపై సున్నపు చారలు, పసుపుపచ్చని మచ్చలు, గోధుమరంగు మరకలు కనబడును. అట్టి మరకలు గల బాలుడు నవ్వునప్పుడు నోటికి చేయి అడ్డు పెట్టుకొనును. బాలిక నలుగురిలో నోరు విప్పి పద్యము చదువుటకు జంకును. "పండ్లు తోముకొనలేదా?" అని తోడివారు ఎగతాళి చేయుదురు. ఆ మాట పడలేక కొందరు ఇటుకపొడితోను, బొగ్గుతోను, ఇసుకతోను పండ్లను గట్టిగా రుద్దుదురు. ఎంత రుద్దినను మరక పోదు. చిగుళ్లు మాత్రము గీచుకొనిపోవును. మరికొందరు "ఎంత తోమినను ఇంతే కదా" అని విసుగుచెంది తోముటయే మానుదురు. ఇరువురును పొరబడుచున్నారు. మరకకును మురికికిని గల భేదము తెలియకపోవుటయే ఈ పొరపాటునకు మూలము.

మొదట మరక సంగతి విచారింతము. భూమిలోని కొన్ని రాళ్లలో ఫ్లోరైడు అను లవణపదార్థము ఉండును. వాననీరు ఇంకి, రాతిపొరలలో దీర్ఘకాలము నిలిచినప్పుడు ఆ ఫ్లోరైడు నీటిలో కరగును. కంటికి ఆ నీరు స్వచ్ఛముగనే కనబడును. రుచిలోను దోషము తోచదు. కాని పసితనమున అట్టి నీటిని త్రాగినచో, దవడ ఎముకలో దంతము తయారగుచున్న కాలముననే దాని పైపొరయైన పింగాణి సరిగా ఏర్పడదు. దంతము చిగురును చీల్చుకొని బయటికి వచ్చునప్పటికే మరక దానిలో చేరియుండును. దోషము తీవ్రమైనచో పింగాణి పెళుసై గుంటలు పడును. ఏండ్ల తరబడి అధిక ఫ్లోరైడు గల నీటిని త్రాగినవారి ఎముకలును కీళ్లును బిగుసుకొని పోవుట కూడ కలదు. ఈ వ్యాధికి ఫ్లోరోసిస్ అని పేరు.

భారతదేశమున మనుష్యులలో ఈ వ్యాధి యున్నదని మొదట లోకమునకు తెలిసినది నెల్లూరు జిల్లానుండియే. అప్పుడు ఈ జిల్లా మద్రాసు రాజధానిలో భాగముగా ఉండెను. షార్ట్ అను వైద్యశాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఇచ్చటి రోగులను పరీక్షించి 1937లో తమ పరిశోధనను ప్రకటించిరి. నేడు త్రాగునీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది. భారతీయ ప్రమాణము ప్రకారము 1 మిల్లీగ్రాము లోపల ఉండుట మేలు.

దీనినిబట్టి ఒక విషయము స్పష్టమగుచున్నది. ఫ్లోరైడు మరక అశుభ్రతకు గుర్తు కాదు. అది అంటువ్యాధియు కాదు. అది దంతముపై అంటుకొన్నది కాదు, దంతములోనే ఉన్నది. కావున తోముటచే పోదు. దానికి అసలైన మందు పసిపిల్లలకు మంచినీరు అందించుటయే. మరక గల తోటి విద్యార్థిని చూచి నవ్వుట అజ్ఞానము.

అట్లయిన దంతములను కదిలించి, ఊడిపోవునట్లు చేయునది ఏది? పెద్దలలో పండ్లూడుటకు ముఖ్య కారణములు రెండు. ఒకటి పిప్పిపన్ను. రెండవది చిగుళ్లవ్యాధి. ఈ రెండవది మిక్కిలి మోసకారి. ఏలయన అది చాలకాలము నొప్పి లేకయే పెరుగును. దానికి కారణము మరకవలె కొట్టవచ్చినట్లు కనబడదు. చిగురును పన్నును కలియు అంచున, తెల్లగా, మెత్తగా, నాలుకకు జిగటగా తగులు పాచిలో అది దాగియుండును. మరక దంతమునకు లోపల నున్నది. పాచి దంతమునకు వెలుపల నున్నది. మరక తోమినను పోదు. పాచి తోమినచో పోవును. మరకను చూచి కలత చెందువారు పాచిని చూడక విడుచుచున్నారు.

చిగుళ్ల రోగములను మన పూర్వులు ఎరుగకపోలేదు. సుశ్రుతసంహితలో దంతమూలమునకు వచ్చు రోగములు ప్రత్యేకముగా లెక్కింపబడినవి. చిగుళ్లనుండి రక్తము స్రవించుట, దుర్గంధము కలుగుట, చీము పట్టుట, పండ్లు కదలుట మున్నగు లక్షణములు అందు వర్ణింపబడినవి. లక్షణములు తెలిసినను, వానికి కారణమైన జీవి కంటికి కనబడునది కాదు. దానిని చూచుటకు సూక్ష్మదర్శని కావలసివచ్చెను.

హాలెండు దేశమున డెల్ఫ్ట్ నగరములో లీవెన్‌హుక్ అను బట్టల వర్తకుడు ఉండెను. ఆయన స్వయముగా గాజుకటకములను సానబట్టి, వానితో అతిసూక్ష్మ వస్తువులను పరీక్షించుచుండెడివాడు. 1683లో ఆయన తన పండ్లసందులనుండి కొంచెము తెల్లని పాచిని గీచి తీసి, వాననీటిలో కలిపి కటకము క్రింద పెట్టి చూచెను. ఆ చిన్న బిందువులో లెక్కకు మిక్కిలియైన ప్రాణులు కొన్ని బాణమువలె దూసుకొని పోవుచు, కొన్ని బొంగరమువలె తిరుగుచు కనబడెను. పండ్లు ఎన్నడును తోమని ఒక వృద్ధుని పాచిలో అవి మరింత గుంపులు గుంపులుగా ఉండెను. ఈ వింతను ఆయన లండనులోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాసి తెలిపెను. నోటిలోని సూక్ష్మజీవులను మానవుడు చూచుట అదియే మొదలు.

మన నోటిలో వందలకొలది జాతుల సూక్ష్మజీవులు నివసించును. వానిలో అధికభాగము మనకు హాని చేయవు. కాని కొన్ని మాత్రము తగిన అవకాశము దొరికినప్పుడు చిగుళ్లలోనికి చొరబడును. ఎట్లు చొరబడునో తెలిసికొనుటకు ముందు చిగురు కట్టడిని గూర్చి తెలిసికొనవలెను.

చిగురును ఒక దుర్గముతో పోల్చవచ్చును. పన్ను చుట్టును చిగురు కోటగోడవలె పట్టుకొని యుండును. పన్నునకును చిగురునకును నడుమ ఒక సన్నని కందకము కలదు. ఆరోగ్యవంతుని నోటిలో దాని లోతు ఒకటి మొదలు మూడు మిల్లీమీటర్ల వరకే ఉండును. కందకపు గోడను జీవకణములు ఇటుకలవలె ఒకదాని ప్రక్కన ఒకటి చేరి కట్టినవి. అయితే ఇవి నిర్జీవములైన ఇటుకలు కావు. ఇవి శత్రువును గుర్తించును, కావలివారిని పిలుచును, పాతబడి రాలిపోవును, వాని స్థానమున క్రొత్తవి పుట్టును. ఈ గోడకు లోపల రక్తనాళములును, మెత్తని కండయు, పన్నును పట్టియుంచు నారలును, వానికి ఆధారమైన దవడ ఎముకయు ఉన్నవి. ఎముకయే ఈ దుర్గమునకు పునాది.

ఇక శత్రుసేన రాక ఎట్టిదో చూడుడు. మనము పండ్లు తోముకొన్న కొలది నిమిషములకే లాలాజలములోని మాంసకృత్తులు దంతముపై పలుచని పొరగా పరచుకొనును. ఆ పొరపై మొదట స్ట్రెప్టోకాకస్ జాతికి చెందిన గుండ్రని సూక్ష్మజీవులు వచ్చి అంటుకొనును. ఇవి అంతగా ప్రమాదకరములు కావు. కాని ఇవి స్థిరపడిన పిమ్మట వీనిని పట్టుకొని మరికొన్ని చేరును. కదురువలె రెండు కొనలు సన్ననైన ఫ్యూసోబాక్టీరియమ్ అను జీవి నడుమ నిలిచి, ముందు వచ్చినవానిని ఒక చేత, వెనుక వచ్చువానిని మరొక చేత పట్టుకొన్నట్లు వంతెనయగును. ఇట్లు ఒకదానిపై ఒకటి చేరి, జిగురువంటి పదార్థముతో తమ చుట్టును కప్పు వేసికొని, ఒక పట్టణమునే కట్టుకొనును. ఆ పట్టణమే పాచి.

పైనున్న జీవులు ప్రాణవాయువును వాడుకొనుటచే పాచి అడుగున ప్రాణవాయువు తగ్గిపోవును. అచ్చటికి ప్రాణవాయువు సరిపడని జీవులు చేరును. వానిలో ముఖ్యమైనది పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్. దాని పొడవు మిల్లీమీటరులో ఇంచుమించు వెయ్యవ వంతు. నెత్తురు కలిపిన ఆహారముపై దానిని ప్రయోగశాలలో పెంచినచో నల్లని చుక్కలుగా పెరుగును. దానికి చక్కెరతో పని లేదు. మాంసకృత్తుల తునకలును, రక్తములోని ఇనుమును దానికి కావలెను. కావుననే అది రక్తము దొరకు చిగుళ్లను ఆశ్రయించును.

ఈ జీవి మొట్టమొదట చేయవలసిన పని అంటుకొనుట. లాలాజలము నిరంతరము ప్రవహించుచుండును, నాలుక కదలుచుండును, మనము నీరు త్రాగుచుందుము. పట్టు లేని జీవి కొట్టుకొనిపోయి కడుపులో పడును. మీరు మెట్టచేలలో నడచునప్పుడు ఉత్తరేణి గింజలు బట్టలకు పట్టుకొనుట చూచియుందురు. ఆ గింజలకు సన్నని ముళ్లు కలవు. తట్టినను దులిపినను అవి సులభముగా ఊడవు. పోర్ఫిరోమోనాస్ దేహము చుట్టును అట్లే సన్నని కేశములు ఉన్నవి. శాస్త్రజ్ఞులు వానిని ఫింబ్రియే అందురు. ఈ కేశములలో కొన్ని స్ట్రెప్టోకాకస్‌ను పట్టుకొనుటకు ఉపకరించును. కొన్ని చిగురు జీవకణములను పట్టుకొనుటకు పనికివచ్చును.

అయితే ఉత్తరేణి గింజ ఏ బట్టకైనను పట్టుకొనును. ఈ సూక్ష్మజీవి పట్టు అంత గ్రుడ్డిది కాదు. చిగురు జీవకణపు పైపొరపై ఇంటెగ్రిన్ అను మాంసకృత్తులు ఉన్నవి. అవి జీవకణమునకు చేతులవంటివి. ఆ చేతులతో జీవకణము తన చుట్టునున్న కండను పట్టుకొని నిలిచియుండును. బయటి సంగతులు లోపలికి తెలియుటయు ఆ చేతులద్వారానే. పోర్ఫిరోమోనాస్ తన కేశములను సరిగా ఆ చేతులలోనే పెట్టును.

అప్పుడు జరుగు వింతను చూడుడు. చేయి తగులగానే జీవకణము లోపల కదలిక పుట్టును. జీవకణమునకు ఆకారము నిలుపు సన్నని నారలు దాని లోపల ఉన్నవి. అవి విడివడి, మరల కూడి, ఆ తావున పైపొరను వంచును. వంగిన పొర సూక్ష్మజీవిని చుట్టి లోపలికి లాగికొనును. శత్రువు గోడను బ్రద్దలు కొట్టలేదు. ద్వారపాలకుని చేయి పట్టుకొని, అతనిచేతనే తలుపు తీయించుకొనెను.

చరిత్రలో ఉదయగిరి దుర్గము అంత సులభముగా లొంగలేదు. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల ఏలుబడిలోనున్న ఆ దుర్గమును దీర్ఘకాలము ముట్టడించి 1514లో పట్టుకొనెను. చిగురు కోటకు పట్టు కాలము చాల తక్కువ. ప్రయోగశాలలో పెంచిన చిగురు కణములకు ఈ సూక్ష్మజీవులను చేర్చి చూడగా, ఇరువది నిమిషముల లోపుననే అవి లోపల ప్రవేశించి, కేంద్రకము చుట్టును గుమికూడెను. ఈ ప్రవేశమును గూర్చి రిచర్డ్ లామంట్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహపరిశోధకులును 1995లో ప్రకటించిన పరిశోధన ప్రసిద్ధమైనది. అంతకు పూర్వము ఈ జీవి చిగురు వెలుపలనుండి మాత్రమే హాని చేయునని పలువురు తలచుచుండిరి.

లోపల చేరిన శత్రువు ఏమి చేయును? సాధారణముగా రోగక్రిమి చొచ్చిన జీవకణము తన్ను తాను చంపుకొనును. ఇల్లు అంటుకొన్నప్పుడు ఊరు కాలిపోకుండుటకై ఆ ఇంటి కప్పును లాగివేయుట వంటిది ఈ పని. పోర్ఫిరోమోనాస్ ఆ మరణమును ఆపును. జీవకణము బ్రదికియే యుండును. దానిలో శత్రువు కాపురముండును. అంతేకాదు. ఆపద వచ్చినప్పుడు జీవకణము కొన్ని రసాయనపదార్థములను వెలువరించి తెల్ల రక్తకణములను పిలుచును. ఆ పిలుపును కూడ ఈ జీవి కొంతకాలము అణచిపెట్టును. పిమ్మట ఒక కణమునుండి ప్రక్క కణమునకు, బయట పడకయే, లోదారిన వ్యాపించును. బయట నీరు పుక్కిలించినను, మందునీరు పోసినను లోపలనున్న దానికి అంతగా సోకదు.

దీని యొద్ద మరియొక ఆయుధము కలదు. మాంసకృత్తులను కత్తిరించు జింజిపెయిన్ అను కిణ్వములను ఇది వెలువరించును. అవి కత్తెరలవంటివి. జీవకణములను ఒకదానితో ఒకటి కలిపియుంచు బంధములను అవి తెంపును. శరీరము ప్రయోగించు రక్షకపదార్థములను ముక్కలు చేయును. ఎర్ర రక్తకణములలోని ఇనుమును ఈ జీవికి చేకూర్చును. చిగురు వాచి రక్తము కారుచున్నకొలది ఈ జీవికి విందు అగును.

తుదకు శరీరము మేలుకొనును. తెల్ల రక్తకణములు దండుగా వచ్చి చిగురులో పోరాడును. చిగురు ఎర్రబడి వాచును. కాని ఈ యుద్ధమునకు అంతము ఉండదు. ఏలయన పాచి దంతముపై నిలిచియుండును; శత్రువులు కొందరు కణములలో దాగియుందురు. దీర్ఘకాలము సాగిన పోరాటములో మన సైన్యము వెలువరించిన పదార్థములే మన నారలను కరిగించును. వాపు ఎముకను చేరకుండుటకై శరీరము ఎముకనే వెనుకకు తగ్గించుకొనును. కందకము లోతగును. లోతైన కందకములో ప్రాణవాయువు మరింత తగ్గును. శత్రువు మరింత పెరుగును. పునాది తరిగిన గోడవలె పన్ను కదలనారంభించును. ఇట్లు తరిగిన ఎముక తనంతట తాను మరల పెరుగదు.

ఇచ్చట ఒక సంగతి మరువరాదు. పోర్ఫిరోమోనాస్ ఆరోగ్యవంతుల నోటిలోను కొలదిగా ఉండవచ్చును. అది ఉన్నంత మాత్రమున వ్యాధి రాదు. 2011లో ప్రకటింపబడిన ఒక ప్రయోగములో శాస్త్రజ్ఞులు ఈ జీవిని ఎలుకల నోటిలో పెట్టిరి. సాధారణమైన ఎలుకలలో, ఈ జీవి కొలదిగనే ఉన్నను, ఎముక తరిగెను. నోటిలో ఏ సూక్ష్మజీవియు లేకుండ పెంచిన ఎలుకలలో మాత్రము ఎముక తరుగలేదు. అనగా ఈ జీవి ఒంటరిగా కోటను కూల్చలేదు. పాచిలోని తక్కిన జీవులు దానికి సైన్యము కావలెను. సైన్యమును ఎప్పటికప్పుడు చెదరగొట్టినచో నాయకుడు ఏమియు చేయజాలడు. చిగుళ్ల రక్షణకు మూలసూత్రము ఇదియే.

ఈ సూత్రమునకు మనుష్యులలోను నిదర్శనము కలదు. 1965లో డెన్మార్కు దేశమున ఆర్హూస్ నగరములో హెరాల్డ్ లో అను దంతవైద్యశాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఒక పరీక్ష గావించిరి. ఆరోగ్యమైన చిగుళ్లు గల పన్నెండుగురు తమ ఇష్టముతో పండ్లు తోముకొనుట మానిరి. పది మొదలు ఇరువదియొక్క దినముల లోపల అందరి చిగుళ్లును వాచెను. పాచిలోని జీవుల జాతులును మారెను. పిమ్మట వారు మరల శుభ్రముగా తోముకొనగా కొలది దినములలోనే చిగుళ్లు యథాస్థితికి వచ్చెను. ఎముక తరుగకముందు మేలుకొన్నవానికి వ్యాధి తగ్గిపోవునని ఈ పరీక్ష చాటినది.

పండ్లు తోమునప్పుడు రక్తము కనబడినచో చాలమంది భయపడి ఆ తావున తోముట మానుదురు. ఇది శత్రువునకు తలుపు తెరచి పెట్టుటయే. రక్తము కారుట చిగురు వాచినదనుటకు గుర్తు. అచ్చట మృదువుగా, కాని మానక తోమవలెను. కొన్ని దినములు గడచినను రక్తము ఆగనిచో దంతవైద్యుని చూడవలెను.

పాచి దంతముపై చాలకాలము నిలిచినచో లాలాజలములోని సున్నపు లవణములు చేరి గట్టిపడును. దానిని గార అందురు. గార పుల్లకును బ్రష్షునకును లొంగదు. దానిని దంతవైద్యుడు పరికరములతో తొలగింపవలెను. "గార తీయించినచో పండ్లు కదలును" అను మాట పల్లెలలో వినబడుచుండును. అది నిజము కాదు. చిగుళ్లవ్యాధిచే ఎముక తరిగిన పన్ను అంతకుముందే వదులైయుండును. దాని చుట్టును గట్టిగా పట్టియున్న గార ఆ వదులును కప్పిపుచ్చును. గార పోగానే లోపలి నిజము బయటపడును. కదలికకు కారణము గార తీయుట కాదు, తీయించుటలో జరిగిన ఆలస్యము.

వ్యాధి ముదిరినప్పుడు వైద్యులు శుభ్రపరచుటతో పాటు కొన్ని సందర్భములలో మందులను ఇత్తురు. వానిలో టెట్రాసైక్లిన్ కుటుంబమునకు చెందినవి కలవు. ఆ కుటుంబములో మొదటిదైన ఆరియోమైసిన్ వెలుగు చూచుటలో ఒక తెలుగువాని చేయి ఉన్నదని తెలిసికొని మనము సంతోషింపవచ్చును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో పరిశోధనలను నడపుచుండగా, ఆ శాలలో పనిచేయుచున్న బెంజమిన్ డగ్గర్ 1948లో దానిని ప్రకటించెను. అయితే ఈ మందులను వైద్యుని ఆజ్ఞ లేక వాడరాదు. ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు ఇచ్చినచో పెరుగుచున్న దంతములకు ఇవియు తుడువరాని మరకను తెచ్చిపెట్టవచ్చును. పాచిని తొలగింపక మందు మ్రింగుట పుట్టను ఉంచి పామును తరుముట వంటిది.

కొందరికి ఈ వ్యాధి త్వరగా ముదురును. మధుమేహము గలవారి చిగుళ్లు సులభముగా పాడగును. చిగుళ్ల వాపు హెచ్చినచో మధుమేహమును అదుపులో ఉంచుటయు కష్టమగును. చుట్ట, బీడీ త్రాగువారి చిగుళ్లకు రక్తప్రసారము తగ్గుటచే వ్యాధి ఉన్నను రక్తము అంతగా కారదు. కావున వారు తమకు ఏమియు లేదని తలచుచు మోసపోవుదురు. ఇంటిలోని పెద్దలకు ఈ సంగతి చెప్పుట చదువుకొన్న పిల్లల విధి.

ఇక మనము చేయవలసిన పని కష్టమైనది కాదు. ఉదయమునను, రాత్రి నిద్రించుటకు ముందును రెండు మారులు పండ్లు తోముకొనవలెను. రాత్రి లాలాజలపు ప్రవాహము తగ్గును గనుక రాత్రి తోముట మరింత ముఖ్యము. మెత్తని కుంచె గల బ్రష్షును చిగురు అంచున ఏటవాలుగా ఉంచి, చిన్నగా కదల్చుచు, ప్రతి పన్నును లోపలను వెలుపలను శుభ్రపరచవలెను. గట్టిగా రుద్దుట వలన లాభము లేదు. పాచి మెత్తనిది, దానికి మెత్తని కుంచెయే చాలును. చిన్నపిల్లలు పేస్టును మ్రింగరాదు. ఫ్లోరైడు అధికముగా నున్న గ్రామములలో వారికి ఎట్టి పేస్టు తగునో వైద్యుని అడుగుట మంచిది.

మన పెద్దలు వాడిన వేపపుల్ల, కానుగపుల్ల, ఉత్తరేణి పుల్ల నేటికిని పనికివచ్చును. కాని పుల్లకొనను బాగుగా నమలి మెత్తని కుంచెగా చేసికొనవలెను. ఆ కుంచెను చిగురు అంచునకు, లోపలి వైపునకు కూడ చేర్చవలెను. ముందు పండ్లను మాత్రమే రుద్ది ఉమ్మివేసినచో వెనుక దవడపండ్ల చుట్టునున్న శత్రువు నిశ్చింతగా ఉండును. ఇటుకపొడి, ఇసుక, బొగ్గుపొడి వాడరాదు. అవి పింగాణిని అరుగదీసి, చిగుళ్లను గాయపరచును. గాయపడిన చిగురు శత్రువునకు ఆహ్వానము పంపినట్లే.

విద్యార్థులారా! ఉదయగిరి మెట్టలో పుట్టిన బాలునికి నేల ఇచ్చిన మరక ఒకటి ఉండవచ్చును. ఆ మరకను అతడు కోరుకొనలేదు. దానిని తోమి పోగొట్టుకొనలేడు. దానికై సిగ్గుపడవలసిన పనియు లేదు. ఆ మరక రాకుండ చేయుటకు ఊరంతయు కలిసి పిల్లలకు మంచినీరు సమకూర్చుకొనవలెను. కాని పాచి అట్టిది కాదు. అది ప్రతిదినము పుట్టును; ప్రతిదినము మన చేతిలోనే పోవును. చిగురు కణమును అంటుకొనుటకు ముందు ఆ శత్రువును తొలగించుటకు వేపపుల్లయు, రెండు నిమిషముల ఓర్పును చాలును. అది లోపల చేరిన పిమ్మట దానిని వెడలగొట్టుట వైద్యునికిని కష్టము. మరక గల దంతమైనను గట్టి చిగురులో నిలిచినచో ముదిమి వరకు అన్నము నమలిపెట్టును. తెల్లని దంతమైనను చిగురు చెడినచో నడుమనే రాలిపోవును.